పేరిందేవి మరిచిపోయిన మాట

అనగనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఊగుతున్న కాలంలో, ఏరు వెళ్లి సముద్రంలో కలిసే చోట చాయలపాలెం అని ఒక ఊరుండేది. ఆ ఊళ్లో అందరిదీ ఒకటే పని, బట్టలకు రంగులద్దడం. తెల్లవారితే చాలు, ఏటి ఇసుక మీద బారులు బారులుగా చీరలు ఆరేసేవారు. పైన ఎగిరే కొంగలకు ఆ ఊరు పూలతోటలా కనిపించేదట.

ఆ ఊళ్లో నాంచారి అనే పెద్దావిడ ఉండేది. భర్త పోయాడు. కూతుళ్లిద్దరూ అత్తవారిళ్లకు వెళ్లిపోయారు. మామగారు కట్టిన పెంకుటింట్లో ఒక్కతే ఉంటూ, నీలం అద్దేది, నలుపు అద్దేది. ఎరుపు మాత్రం ముట్టేది కాదు. తెలియక ఎవరైనా ఎర్రచీర కావాలని వస్తే, ఆ రంగు మా ఇంట లేదని చెప్పి పంపేసేది. ఎందుకు లేదో ఊళ్లో పెద్దవాళ్లకు తెలుసు. తెలిసే, ఎవరూ రెట్టించి అడిగేవారు కాదు.

ఒకప్పుడు ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్లు. పెద్దకోడలు పేరిందేవి, చిన్నకోడలు నాంచారి. నాంచారి కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకు పని రాదు, తల దువ్వుకోవడం కూడా సరిగా రాదు. పేరిందేవే ఆమెను ముందు కూర్చోబెట్టుకుని జడ వేసేది. రంగు నిలవడానికి పటిక ఎలా కలపాలో, కరక్కాయ ఎలా దంచాలో చెయ్యి పట్టుకుని నేర్పింది. పేరిందేవి బాన దగ్గర నిలబడితే, నాంచారి పొయ్యి దగ్గర కూర్చుని మంట ఎగదోసేది. చూసినవాళ్లు వాళ్లను తోడికోడళ్లు అనుకునేవారు కాదు, తోడబుట్టినవాళ్లు అనుకునేవారు.

వాళ్ల అత్తగారికి ఒక రంగు తెలుసు. దాన్ని చిలకముక్కు ఎరుపు అనేవారు. చిరువేరు అనే మొక్క వేళ్లతో ఎరుపు తియ్యడం అందరికీ వచ్చు. కానీ అందరి ఎరుపూ ఏడాదికి వెలిసేది, ఆవిడ ఎరుపు ఉతికేకొద్దీ మెరిసేది. ఆ కిటుకు ఆవిడ కన్నుమూసే ముందు పెద్దకోడలికి ఒక్కదానికే చెప్పింది.

మూడేళ్లు గడిచాయి. ఒకనాడు సంతలో ఎవరో పరదేశి, అచ్చం చిలకముక్కు ఎరుపు లాంటి బట్ట అమ్మాడు. ఆ మాట చెవిన పడగానే పేరిందేవి, పొయ్యి దగ్గర కూర్చునే నాంచారే కిటుకు కనిపెట్టి అమ్ముకుందనుకుంది. మర్నాడు రేవులో, ఊరి ఆడవాళ్లంతా బట్టలు జాడిస్తుండగా, ఆమె నాంచారి వైపు వేలు చూపించి అంది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇదిగో, మా ఇంటి దొంగ."

నాంచారి ఏ పాపమూ ఎరగదు. ఆ సంతబట్ట రెండు ఉతుకుల్లోనే వెలిసి ఇటుకపొడి రంగుకు దిగింది. అది వేరే రంగని ఊరంతా చూసింది. పేరిందేవి కూడా చూసింది. కానీ అన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఆమెకు నోరు రాలేదు. అన్నదమ్ములు వేరుపడ్డారు. భర్తతో, కొడుకుతో పేరిందేవి ఊరి అవతలి కొసకు వెళ్లిపోయింది. నాంచారి భర్త పోయినప్పుడు వీధి అరుగు దాకా వచ్చింది గానీ, గడప దాటలేక అక్కడి నుంచే వెనుదిరిగింది.

అలా పందొమ్మిదేళ్లు. అన్నేళ్లూ నాంచారి ఒక్క మాట కోసం ఎదురుచూసింది. తప్పయిందని పెద్ద మాట అక్కర్లేదు. నువ్వు కాదులే నాంచారీ అంటే చాలు. ఆ మాట రాలేదు. ఆ ఇంట్లో మళ్లీ ఎరుపు పొంగలేదు.

*

చైత్రమాసం. ఒక పొద్దున నాంచారి పెరట్లో కరక్కాయలు దంచుతోంది. అడుగుల చప్పుడైతే తలెత్తింది. పేరిందేవి! తల ముగ్గుబుట్టయింది, నడుము వంగింది. చేతిలో ఆకు మూసిన గిన్నె. గడప దాటి, నడవా దాటి, పందొమ్మిదేళ్లు ఏమీ జరగనట్టు లోపలికి వచ్చి, స్తంభానికి చేరబడి కాళ్లు చాపుకుంది.

"నాంచారీ, అత్తయ్య లేచిందా? ఆవిడకు ఇష్టమని చింతచిగురు పప్పు చేశాను."

అత్తగారు పోయి ఇరవై రెండేళ్లు. నాంచారి చేతిలో రోకలి ఆగిపోయింది. వెక్కిరిస్తోందేమో అనుకుంది. తేరిపార చూసింది. ఆ కళ్లలో వెక్కిరింత లేదు. పుట్టింటికి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చినదాని కళ్లలా, నిబ్బరంగా ఉన్నాయి.

ఇంతలో పేరిందేవి కోడలు మాణిక్యం రొప్పుకుంటూ వచ్చింది. చేతులు జోడించి, చిన్నత్తా ఏమీ అనుకోవద్దని వేడుకుంది. ఆరు నెలలుగా మా అత్తయ్యకు మరుపు పట్టుకుంది, కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తుంది, కన్నకొడుకును చూసి ఎవరి తాలూకు అబ్బాయివని అడుగుతుంది, నిన్నటిది పోయి ఎప్పటిదో మిగిలింది, అని చెప్పుకుని కన్నీళ్లు పెట్టుకుంది. అత్తగారి చెయ్యి పట్టుకుని లేపింది. గుమ్మం దగ్గర పేరిందేవి ఆగి, తెల్లబోయి అడిగింది.

"మన ఇంట్లోంచి నన్ను ఎక్కడికి తీసుకెళ్తున్నావమ్మా?"

నాంచారి వాళ్లను ఆపలేదు. కూర్చోమనలేదు, గుక్కెడు మంచినీళ్లయినా ఇవ్వలేదు. వాళ్లు వెళ్లాక గిన్నె మీది ఆకు తీసి చూసింది. వేలితో ముట్టి నాలుక మీద వేసుకుంది. ఉప్పు కషాయం.

ఆ రోజంతా ఆమెకు అదే ఆలోచన. అన్న మనిషి హాయిగా మరిచిపోయింది. పడ్డదాన్ని నేను, నేను మాత్రం మోస్తూ కూర్చున్నాను. ఇక ఆ ఒక్క మాట ఎవరి నోట వినాలి? బాకీ ఉన్న మనిషి ఊళ్లోనే ఉంది, తనలో తాను మాత్రం లేదు. ఇలా అనుకుని కుమిలిపోయింది.

*

నాలుగు రోజులకు ఊళ్లో దండోరా వేశారు. రాజు ధర్మకేతుడి తల్లికి ఎనభై ఏళ్లు నిండుతున్నాయట. ఆవిడ పెళ్లిచీర ఈ ఊళ్లోనే తయారైన చిలకముక్కు ఎరుపట. ఎప్పుడో కోటలో నిప్పంటుకుంటే కాలిపోయిందట. కళ్లు పూర్తిగా మసకబారకముందే ఆ రంగు మరొక్కసారి చూడాలని ఆవిడ కోరిక. నలభై రోజుల్లో ఆ చీర అద్ది ఇచ్చిన ఇంటికి, ఏటి ఒడ్డున బట్టలారేసుకునే ఇసుకదిబ్బ మొత్తం తరతరాలకూ ధారపోస్తానని రాజు మాట.

ఊరంతా పేరిందేవి ఇంటి వైపు చూసింది. ఆమె కొడుకూ కోడలూ నేల వైపు చూశారు. ఇల్లు వేరయ్యాక పేరిందేవి ఆ ఎరుపు అద్దలేదు, కిటుకు వాళ్లకు చెప్పనూ లేదు. ఇప్పుడు అడిగితే, ఏ రంగు తల్లీ అంటుంది.

ఆ సాయంత్రం నాగలింగం అనే వర్తకుడు నాంచారి గుమ్మంలోకి వచ్చాడు. పేరిందేవి ఆమె ఇంటికి వచ్చిన సంగతి అతనికి తెలిసింది. మళ్లీ వస్తుంది, అప్పుడు నెమ్మదిగా కదిపి చూడమన్నాడు. చీర నువ్వు అద్దు, కోటకు నేను చేరుస్తాను, దిబ్బ చెరి సగం అన్నాడు. నాంచారి తల అడ్డంగా ఊపింది. అతను వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"ఎలాగూ దొంగవన్నారు కదా అమ్మా. పడ్డ నిందకు ఫలమైనా దక్కించుకో."

ఆ మాట నాంచారి మనసులో ముల్లులా దిగింది. తియ్యబోతే ఇంకా లోపలికి పోయింది.

రెండోసారి పేరిందేవి వచ్చింది. ఈసారి గిన్నె లేదు, చేతిలో దువ్వెన ఉంది. వస్తూనే స్తంభం దగ్గర కూర్చుని, నాంచారీ ఇలా రా, తల చూడు ఎలా ఉందో అని పిలిచింది. నాంచారి కాళ్లు ఆమె మాట వినకుండానే కదిలాయి. వెళ్లి ఆమె ముందు కూర్చుంది. పేరిందేవి ఆ నెరిసిన నాలుగు వెంట్రుకలనే, చిక్కు తీసి, పాయలు చేసి, జడ వెయ్యసాగింది. జడ సగం అయ్యేసరికి నాంచారి అడిగింది.

"అక్కా, చిలకముక్కు ఎరుపు ఎలా తియ్యాలి?"

అడిగినందుకు తనకే సిగ్గేసింది. పేరిందేవి మాత్రం నవ్వింది.

"నీకు చెప్పకపోతే ఎవరికి చెబుతానే? నీ కాన్పు అయ్యి, పచ్చి ఒళ్లు గట్టిపడ్డాక చెబుదామనుకున్నాను. అప్పటిదాకా పొయ్యి దగ్గర కూర్చోకూడదు కదా."

నాంచారి కళ్లు మూసుకుంది. అయితే పేరిందేవి దాచుకుందామనుకోలేదు. చెబుదామనే అనుకుంది. ఆ సంతబట్ట వచ్చి మధ్యలో పడకపోతే, ఆనాడే చెప్పేది.

పేరిందేవి జడ వేస్తూనే చెప్పింది. చిరువేరు ఉప్పుటేటి ఒడ్డున, గుల్లలున్న ఇసుకలో పెరిగినదే కావాలి. అది ఒకటి. బట్టను వేళ్ల నీళ్లలో ఒక్కసారే మరిగించకూడదు, మూడుసార్లు కాచి మూడుసార్లు చల్లార్చాలి. అది రెండు. మూడోది చెప్పబోయి ఆగింది. చేతిలో పాయలు జారిపోయాయి. ఆ తర్వాత ఆమెకు తను ఎక్కడుందో కూడా తెలియలేదు. మాణిక్యం వచ్చి తీసుకువెళ్లింది.

నాంచారి సగం జడతో అలాగే కూర్చుండిపోయింది. పందొమ్మిదేళ్లు లేని దొంగతనం మోశాను. ఇవాళ నిజంగా చేశాను. తాళం వేసిన ఇంట్లో కాదు, తాళం వెయ్యడం మరిచిపోయిన ఇంట్లో. ఇంతకంటే నీచం ఏముంది? అలా అనుకుని ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ఊరి అవతలి కొసకు నడిచింది. ఆ గడప ఆమె తొక్కడం అదే మొదటిసారి. మాణిక్యం కంగారుపడి పీట వేసింది. నాంచారి కూర్చోలేదు.

"మీ అత్త నోటి నుంచి నిన్న రెండు మాటలు రాబట్టాను. ఆవిడ మరుపులో ఉందని తెలిసే అడిగాను. అవి నావి కావు. ముందు నువ్వు విను. మూడోది నీ ఎదుటే అడుగుదాం."

మాణిక్యం వంగి ఆమె కాళ్లకు దండం పెట్టింది. ఆవిడ మా ఇంట్లో పరాయిచోట ఉన్నట్టు ఉంటుంది చిన్నత్తా, మీ ఇంటికి వస్తేనే ముఖం తేటపడుతుంది, అక్కడే అడుగుదాం, అంది.

*

మూడోసారి పేరిందేవి ఒంటరిగా రాలేదు. ఒక పక్క కోడలు, ఒక పక్క తోడికోడలు, మధ్యలో ఆమె. నాంచారి ఆమెను స్తంభం దగ్గర కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, మూడో సంగతి మెల్లగా అడిగింది. పేరిందేవి నుదురు తట్టుకుంది. ఇక్కడే ఉండేది, ఇక్కడే ఉండేది అంటూ పసిపిల్లలా కళ్లనీళ్లు పెట్టుకుంది. మాణిక్యం మళ్లీ అడగబోతే నాంచారి వద్దని సైగ చేసింది.

"పోనీలే అక్కా. గుర్తు రాకపోతే రాకపోయింది. పొయ్యి వెలిగిద్దాం పద."

పందొమ్మిదేళ్లకు ఆ పెరట్లో పెద్ద బాన పొయ్యెక్కింది. నాంచారి ఎప్పటిలాగే మంట దగ్గర కూర్చుంది. పేరిందేవి చేతికి పొడుగాటి కర్ర ఇచ్చింది. ఆ చేతులు కర్ర పట్టుకోగానే పని అందుకున్నాయి. బట్టను తిప్పాయి, ముంచాయి, లేపాయి. మాట మరిచిపోయింది, చెయ్యి మరవలేదు. మొదటి కాపు అయ్యింది, చల్లారింది. రెండో కాపు అయ్యింది, చల్లారింది. మూడో కాపులో పేరిందేవి ఒక్కసారిగా ముక్కుపుటాలు ఎగరేసి, వంగి పొయ్యిలోని కట్టె బయటికి లాగేసింది.

"చాలు, ఆపు. మట్టివాసన పోయింది. కాచిన పాలవాసన వచ్చింది చూడు."

అదీ మూడోది. అది నోటితో చెప్పేది కాదు, ముక్కుతో పట్టేది. మాణిక్యం పెద్ద ఊపిరి తీసి ఆ వాసన గుర్తుపెట్టుకుంది. నాంచారి కూడా పెట్టుకుంది.

ఒక్కరోజుతో అయ్యే పని కాదది. నెల రోజులు పట్టింది. రోజూ పేరిందేవి వచ్చి, అత్తయ్య లేచిందా అని అడిగేది. పోయిందని ఒకసారి చెప్పి చూశారు. ఆ కబురు అప్పుడే విన్నట్టు ఆమె గుండెలు బాదుకుంది. ఆ తర్వాత నాంచారి ఎప్పుడడిగినా, పడుకుందక్కా, లేపొద్దు అనేది. పొద్దున్న అడిగితే అదే జవాబు, మధ్యాహ్నం అడిగితే అదే జవాబు. విసుగులేదు. పనిలో ఏది ముందో ఏది తర్వాతో పేరిందేవి తడబడితే, ఇప్పుడు పటిక అక్కా, ఇప్పుడు ఏటికి వెళ్లాలి అక్కా అని పక్క నుంచి అందించేది. ఆ నెలలో ఎన్నోసార్లు తన ఒక్క మాట సంగతి నాంచారికి గుర్తొచ్చింది. గుర్తొచ్చిన ప్రతిసారీ పొయ్యిలో మరో కట్టె పెట్టి ఊరుకుంది.

*

నలభయ్యో రోజున రాజు తల్లిని పడవలో వెంటబెట్టుకుని తానే వచ్చాడు. ఊరంతా రేవులో చేరింది. ఇసుక మీద పరిచిన చీరను చూసి, పండు ముసలావిడ పడవ దిగి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, చీర అంచు కళ్లకు అద్దుకుంది. ఇదే, ఇదే అంది. రాజు ఇది ఎవరు అద్దారని అడిగాడు. పేరిందేవి ఇంటివారని నాంచారి చెప్పింది. మరి నువ్వెవరని అడిగాడు. పొయ్యి దగ్గర కూర్చున్నదాన్ని అంది.

దిబ్బ చేజారిపోయిందన్న కడుపుమంటతో నాగలింగం ముందుకొచ్చాడు. మహారాజా, మతిలేని మనిషిని పట్టుకుని రంగు గుట్టు లాగిన మనిషి ఈమె, ఈ రేవులోనే, ఊరందరి ముందూ, ఈమెను దొంగ అన్నది ఆ పేరిందేవే, కావాలంటే అడగండి, అన్నాడు.

ఆనాడు అక్కడున్న ఆడవాళ్లు తలలు దించుకున్నారు. మాణిక్యం జరిగింది చెప్పబోయింది గానీ, అప్పటికే పేరిందేవి, అన్నిట్లో దొంగ అన్న ఒక్క మాటే చెవిన పడి, నాంచారికి అడ్డంగా వచ్చి నిలబడింది. వంగిన నడుము నిలబెట్టడానికి నాంచారి భుజమే పట్టుకుంది. ముఖం జేవురించింది.

"దీన్నా? దొంగ అన్నారా? ఇది నా చేతుల మీద పెరిగిన పిల్ల. అన్నం ముందు నాకు పెట్టి తర్వాత తను తినేది. నాంచారీ, ఎవరన్నారే ఆ మాట? పేరు చెప్పు. ఇప్పుడే వాళ్ల గుమ్మంలోకి వెళ్లి అడుగుతాను."

పందొమ్మిదేళ్లు నాంచారి ఏ మాట కోసం ఎదురుచూసిందో, ఆ మాట అదే రేవులో, అదే మనుషుల ముందు, అదే నోటి నుంచి వచ్చింది. ఇక పేరు చెప్పడమే తరువాయి. నాలుక చివరే ఉంది. నాంచారి పేరిందేవి కళ్లలోకి చూసింది. ఆ కళ్లలో కోపం, ఆ కోపం నిండా తన మీద ప్రేమ. ఒక్క పేరు చెబితే చాలు, ఆ ముఖం కూలిపోతుంది.

"గుర్తులేదక్కా," అంది నాంచారి. "ఎప్పటి మాటో. మరిచిపోయాను."

"మరిచిపోతే మంచిదేలే," అని పేరిందేవి ఆమె కొంగు సర్ది, చల్లబడి, ఇసుక మీద కూలబడింది.

రాజు ఎవరినీ ఇంకేమీ అడగలేదు. నింద వేసిన మనిషినే నాంచారి కాపాడుతోందని అడగకుండానే ఆయనకు అర్థమైంది. నాగలింగం ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. ఇసుకదిబ్బను ఇద్దరు తోడికోడళ్ల పేరనా కలిపి రాయించాలని రాజు ఆజ్ఞ ఇచ్చాడు. నాంచారి తన వంతు మాణిక్యానికే ఉండనివ్వమంది. రాజమాత మాత్రం ఒప్పుకోలేదు. పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లు లేకపోతే ఏ బానా పొంగదమ్మా, తీసుకో అంది.

ఆ తర్వాత పేరిందేవి మరో నాలుగేళ్లు బతికింది. నాంచారి ఇంట్లోనే ఉంది, మాణిక్యం రోజూ వచ్చి చూసుకునేది. మెల్లగా రంగుల పేర్లు పోయాయి, మనుషుల పేర్లు పోయాయి. చివరి రోజుల్లో నాంచారి పేరు కూడా పోయింది. ఒకనాడు అన్నం కలిపి తినిపిస్తుంటే, పేరిందేవి ఆ చెయ్యి పట్టుకుని, నువ్వు ఎవరమ్మా, నా మీద ఇంత ప్రేమగా ఉన్నావు అని అడిగింది. నీ చెల్లెల్ని అక్కా అంది నాంచారి. అవునా, అందుకేనా, అని నవ్వి పేరిందేవి నోరు తెరిచింది. నాంచారి మరో ముద్ద పెట్టింది.

మనసుకు తగిలిన దెబ్బను మరిచిపోవడం, ఎదుటివాళ్లు మరిచిపోయిన మమతను వాళ్ల తరఫున మనం గుర్తుపెట్టుకోవడం, ఇదే పిల్లలూ, మనిషి మనిషికి చెయ్యగలిగిన పెద్ద ఉపకారం.